హోదాకి తగిన టర్బో

మా సంస్థ గురించి పత్రికల్లో వచ్చినవన్నీ సగం తెలిసి రాసినవే. పాముకాటు మందు కొండ మీదికి చేరటానికి పూట పడుతోందని రాశారు. పూట కాదు, ఒక్కోసారి పూటన్నర పట్టేది. అంత ఆలస్యం ఊరికే అయిపోతుందా? దాని వెనక ఎంత ఆలోచన ఉంది, ఎన్ని సమావేశాలు ఉన్నాయి, ఎన్ని ఉత్తర్వులున్నాయి? వాటి గురించి రాసినవాడు ఒక్కడూ లేడు. ఆ పని నేనే చేయాలి, ఎందుకంటే ఆ ఉత్తర్వులన్నీ నా చేత్తో తయారైనవే.

నా పేరు కూర్మారావు. ఇదంతా మొదలైనప్పుడు కొండ ప్రాంత శీఘ్ర ఔషధ సరఫరా సంస్థలో సూపరింటెండెంటుని. మా ఆఫీసు కొండ కింద దిగువవలసలో ఉంది. ఆసుపత్రి కొండ మీద ఎగువగూడలో ఉంది. మధ్యలో ఉన్న ఘాట్ రోడ్డు జంతిక చుట్టినట్టు ఉంటుంది. కొండ మీద పసుపు చేలు ఎక్కువ, చేలల్లో పాములు ఎక్కువ, ఆసుపత్రిలో కరెంటు తక్కువ. ఫ్రిజ్‌లో పెట్టాల్సిన మందు కాబట్టి పైన ఒకటి రెండు మోతాదులకి మించి ఉంచరు. మిగతాది మా దగ్గర ఉంటుంది. డాక్టరమ్మ ఫోన్ చేస్తే గంటలోపల పైకి చేర్చాలి, లేకపోతే మనిషి దక్కడు. మా సంస్థ పుట్టిందే ఆ గంట కోసం.

పెద్ద అంబులెన్సు ఆ మలుపుల్లో తిరగదు గనక ప్రభుత్వం మాకు చిన్న కార్లిచ్చింది. చూడటానికి బొమ్మకార్లు. ఇంజను వెయ్యి సీసీ. కానీ పందెం కార్ల వంశంలో పుట్టినవి, తొక్కితే దూకుతాయి. సగం కార్లు మందు తీసుకెళ్ళటానికి, మిగతా సగం మందు వెళ్తోందో లేదో చూడటానికి వెళ్ళే అధికారులకి.

వాటి బలమంతా టర్బోలో ఉంది. మా అమ్మమ్మ కట్టెల పొయ్యిని గొట్టంతో ఊదేది. ఇంజనుకి ఆ ఊదే పని చేసేదే టర్బో. ఇంజను వదిలే పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం తిరిగి ఇంజనులోకే గాలిని ఊదుతుంది. పొగ చాలినంత వస్తేనే చక్రం తిరుగుతుంది. ఇంతవరకూ చిన్నపిల్లలకి కూడా అర్థమవుతుంది. ఆ తర్వాతది అర్థం కావాలంటే పరిపాలనానుభవం ఉండాలి.

కొన్నేళ్ళు కొండెక్కి దిగేసరికి పాత టర్బోలు అరిగిపోయాయి. ఎలాగూ మారుస్తున్నాం గనక కొంచెం మెరుగైనవి వేయిద్దామని మా అసిస్టెంట్ ఇంజనీరు శర్వాణి ప్రతిపాదించింది. ఆ అమ్మాయి కొత్తగా ఉద్యోగంలో చేరింది. అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పే అలవాటు ఇంకా పోలేదు.

డైరెక్టర్ పరాంకుశం గారు వెంటనే టర్బో ఎంపిక సంఘాన్ని నియమించారు. సమావేశంలో కంపెనీవాళ్ళ బొమ్మల పుస్తకం బల్ల మీద పెట్టారు. అందులో అయిదు సైజుల టర్బోలున్నాయి, నిమ్మకాయంత దాని నుంచి గుమ్మడికాయంత దాని దాకా. శర్వాణి రెండో సైజు చూపించి, ఇది చాలండి అంది.

"ఇందులో అన్నిటికన్నా పెద్దది ఏది?" అన్నారు పరాంకుశం గారు.

ఆమె ఆఖరి పేజీ తిప్పింది. "ఇదండీ. కానీ ఇది పెద్ద పెద్ద ఇంజన్లకి సార్."

"పెద్దది అందుబాటులో ఉండగా చిన్నదాన్ని సిఫారసు చేయటంలోని ఔచిత్యం ఏమిటమ్మా? రేపు ఆడిట్ వారు అడిగితే నేనేం మనవి చేసుకోవాలి?"

"మన ఇంజను చిన్నది సార్. దాని పొగకి చిన్న చక్రం తొందరగా తిరుగుతుంది. పెద్ద చక్రం తిరగాలంటే ఇంజను ముందు బాగా వేగం అందుకోవాలి. ఘాట్ మీద మలుపు మలుపుకీ వేగం పడిపోతుంది కదండీ. పెద్ద టర్బో నిద్ర లేచేలోపల ఇంకో మలుపు వచ్చేస్తుంది. లేవని టర్బో పొగకి అడ్డం తప్ప ఇంకేం కాదు. చంటిపిల్ల ఊదితే పెళ్ళివారి పొయ్యి రాజుకోదు కదా సార్."

డైరెక్టర్ గారు చిరునవ్వు నవ్వారు. "పెద్దవాళ్ళెవరూ పిలవగానే లేవరమ్మా. అది లోపం కాదు, లక్షణం. సరే, నీ మాటే కానిద్దాం. ఈ రెండో సైజు ఏ కార్లకి?"

"అన్నిటికీ సార్."

పరాంకుశం గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"నా కారుకీ, ఆ గౌరీసు కారుకీ ఒకటే టర్బోనా?"

గౌరీసు మా నాలుగో తరగతి డ్రైవరు. శర్వాణి అవునండీ అనేసింది. అప్పుడామె ముఖం చూస్తే నాకే జాలేసింది. నేను లేచి నిలబడ్డాను. నా ఉద్యోగ జీవితంలో అంతకన్నా గొప్ప క్షణం మరొకటి లేదు.

"సార్, దీనికి మన ఆఫీసులోనే ఆనవాయితీ ఉంది. గుమాస్తాకి చేతుల్లేని కుర్చీ. నాబోటి సూపరింటెండెంటుకి చేతుల కుర్చీ. గెజిటెడ్ అధికారికి చేతుల కుర్చీ మీద తువ్వాలు. తమకి తిరిగే కుర్చీ, దాని మీద పెద్ద తువ్వాలు. కుర్చీల ఉత్తర్వు ఇప్పటికీ అమల్లోనే ఉంది. టర్బో కూడా తిరిగే వస్తువే గనక దాన్ని కుర్చీల పద్దు కిందికి తీసుకోవచ్చు."

డైరెక్టర్ గారు నన్ను కాసేపు అలాగే చూశారు. తండ్రి కొడుకుని చూసే చూపు అది. సైజులు అయిదూ హోదాల ప్రకారం పంచేశాం. డ్రైవర్ల కార్లకి నిమ్మకాయ సైజు రావాల్సింది గానీ, కనీసం వాళ్ళకి రెండోదాని నుంచి మొదలుపెట్టండని శర్వాణి బతిమాలింది. అడుగువాడికి ఏదైతేనేం అని సంఘం ఏకగ్రీవంగా ఒప్పుకుంది. అలా మందు తీసుకెళ్ళే కార్లకి సరైన టర్బోలు పడ్డాయి. పొరపాటున మంచి జరగటం అంటే ఇదే.

అయిదో సైజు టర్బో డైరెక్టర్ గారి కారులో పట్టలేదు. బానెట్‌కి కన్నం కోశారు. గుమ్మడికాయ తల బయటికి కనపడుతూ ఉండిపోయింది. హోదా బయటికి కనపడటం మంచిదేగా. ప్రారంభోత్సవం రోజు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, టర్బో మీద కొత్త తువ్వాలు కప్పాం. కారు మొదటి మలుపు తిరిగేసరికి తువ్వాలు కాలటం మొదలుపెట్టింది. దాని స్థానంలో రేకుతో తువ్వాలు ఆకారం చేయించి బిగించాం.

ఆ ప్రయాణంలో నేను వెనక సీట్లో ఉన్నాను. డైరెక్టర్ గారు స్వయంగా నడిపారు. యాక్సిలరేటర్ నేలకి అంటేలా తొక్కినా కారు మూలుగుతోంది తప్ప కదలదు. కట్టెలమోపు ఎత్తుకున్న ముసలామె మమ్మల్ని దాటుకుని వెళ్ళింది. కొంచెం ఆగి ఆమె మేకలు కూడా వెళ్ళాయి. అలా పైకి చేరేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ దాటిపోయింది. ఎగువగూడ ముందు కాస్త తిన్నటి రోడ్డు ఉంది. అక్కడ టర్బో నిద్ర లేచింది. అది లేవటం ఎలా ఉందంటే, అప్పటిదాకా కునుకు తీస్తున్న ఏనుగు తోక ఎవరో తొక్కినట్టుంది. కారు ఒక్క దూకుతో రోడ్డు వదిలేసి పనసకాయల కుప్పలో దిగబడింది.

పనస తొనల మధ్య నుంచి డైరెక్టర్ గారి గొంతు వినపడింది. "శక్తి విషయంలో లోపమేమీ లేదు కూర్మారావ్. రోడ్డే చాలలేదు. రోడ్లు భవనాల శాఖ వారికి లేఖ రాయండి."

అంతటితో అయిపోయి ఉంటే మా సంస్థకి చిక్కే లేదు. కానీ తిరిగొచ్చాక ఆయన నన్ను గదిలోకి పిలిచి తలుపు వేయమన్నారు.

"దారిలో ఆ గౌరీసు నన్ను దాటుకుని వెళ్ళాడు. గమనించారా?"

"చిత్తం. మందు తీసుకెళ్తున్నాడు సార్."

"మందు సంగతి తర్వాత. నాలుగో తరగతి ఉద్యోగి ఒక శాఖాధిపతిని వెనక్కి నెట్టి వెళ్ళిపోతే ప్రజలకి ఏం సందేశం వెళ్తుంది? సీనియారిటీ అనేది ఆఫీసు గేటు దగ్గర ఆగిపోతుందా?"

ఆగిపోకూడదని నాకూ అనిపించింది. సాయంత్రానికల్లా ఉత్తర్వు తయారు చేశాను. చిన్న టర్బో గల వాహనం పెద్ద టర్బో గల వాహనాన్ని దాటరాదు. అత్యవసరమైతే ముందు హారన్ కొట్టి, కారు ఆపి, దిగి వెళ్ళి, అద్దం దగ్గర నిలబడి అనుమతి కోరవలెను. పై అధికారి అనుమతించినచో దాటవచ్చును. గౌరీసు మొదటిసారి అలాగే చేశాడు. డైరెక్టర్ గారు సానుకూలంగా పరిశీలిస్తామన్నారు. పరిశీలన పూర్తయ్యేసరికి ఇద్దరూ కొండ మీదే ఉన్నారు.

వారం తిరక్కుండా కొండ మీది డాక్టర్ హైమ మా ఆఫీసుకి వచ్చింది. సన్నగా, గాలేస్తే పడిపోయేలా ఉంటుంది గానీ గొంతు మాత్రం అలా ఉండదు. "నిన్న ఒక మనిషిని చావు దాకా తీసుకెళ్ళి వెనక్కి తెచ్చాను. మీ మందు కోసం నాలుగు గంటలు ఊపిరి గొట్టం పట్టుకుని కూర్చున్నాను. నాకు పెద్ద టర్బో వద్దు, చిన్న టర్బో వద్దు. గంటలో మందు కావాలి," అంది.

పరాంకుశం గారు ఆమెకి కుర్చీ చూపించారు. తువ్వాలున్న కుర్చీ, చిన్న గౌరవం కాదు. "వేగమనేది చేరుకోవటంలో లేదమ్మా, సామర్థ్యంలో ఉంది. మా వాహనాల సామర్థ్యం మూడింతలు పెరిగింది. ప్రస్తుతం టర్బోలు ప్రొబేషన్‌లో ఉన్నాయి. ఓపిక పట్టాలి."

పక్కనే ఉన్న శర్వాణి ఉండబట్టలేక, ఇంజను పొగ చాలటం లేదు సార్ అంది.

"చాలకపోతే ఇంజనుకి శిక్షణ ఇప్పించండి."

ఇప్పించాం. కార్లన్నిటినీ షెడ్డులో వరసగా నిలబెట్టి, ఇంజన్లు ఆన్ చేసి, పెద్ద బాధ్యతలకి సిద్ధం కావటం ఎలా అన్న విషయం మీద రాజధాని నుంచి వచ్చిన నిపుణుడి చేత ఉపన్యాసం చెప్పించాం. పొగకి నిపుణుడికి దగ్గొచ్చి సగంలో ఆపేశాడు గానీ, పాల్గొన్న కార్లన్నిటికీ ధ్రువపత్రాలిచ్చాం. శర్వాణి ఆ సాయంత్రమే బదిలీకి పెట్టుకుంది. తెలివైన పిల్ల, వెళ్ళిపోయింది.

ఇంతలో డ్రైవర్ల సంఘం సమ్మె చేసింది. మేం మాత్రం మనుషులం కామా, మాకెందుకు చిన్న టర్బోలు అన్నది వాళ్ళ డిమాండు. పెళ్ళి సంబంధాల వాళ్ళు కూడా అబ్బాయి కారుది ఎన్నో సైజు అని అడుగుతున్నారట. న్యాయమైన కోరిక గనక ప్రభుత్వం దిగొచ్చింది. సర్వీసు నిండిన డ్రైవర్లందరికీ మూడో సైజు, నాలుగో సైజు బిగించారు. గౌరీసుకి మాత్రం రాలేదు. అతని ఉద్యోగం ఖాయమవటం ఆలస్యమైంది. రెండో సైజుతో మిగిలిపోయినవాడు సంస్థ మొత్తం మీద అతనొక్కడే. రోజూ నా దగ్గరికొచ్చి మొరపెట్టుకునేవాడు.

"బాబూ, ఈదిలో మొకం సూపించలేకపోతన్నాను. మా బావమరిది బండి మూడో సైజు. మా ఆవిడ కూడా నన్ను సులకనగా సూత్తంది."

"ఓర్చుకో గౌరీసూ. ప్రతిదానికీ ఒక వరస ఉంటుంది," అనేవాణ్ణి.

నా వరస త్వరగానే వచ్చింది. దాటరాదన్న ఉత్తర్వు రాష్ట్రంలో ఆదర్శంగా నిలిచినందుకు నన్ను అసిస్టెంట్ డైరెక్టర్ చేశారు. తువ్వాలొచ్చింది, నాలుగో సైజు టర్బో వచ్చింది. దాంతోపాటు ఎగువగూడలో సమన్వయాధికారిగా పోస్టింగు వచ్చింది. మందు అందిందని పైనుంచి ధ్రువీకరించటం నా పని. మందు ఎప్పుడో గానీ వచ్చేది కాదు కాబట్టి పని తేలిగ్గానే ఉండేది.

ఎగువగూడలో ఫోను సిగ్నల్ గెస్టుహౌసు వెనక రాళ్ళగుట్ట మీద మాత్రమే అందుతుంది. ఒక సాయంత్రం చీకటి పడుతుండగా ఆ గుట్ట మీద కూర్చుని ఉంటే డైరెక్టర్ గారి ఫోనొచ్చింది. పెద్దాయనతో కూర్చుని మాట్లాడే అలవాటు నాకు లేదు. చప్పున లేచి నిలబడ్డాను. నిలబడ్డ చోట పాముంది.

రక్తపింజరి. అది నన్ను కరిచింది. "ఏమిటా శబ్దం?" అన్నారు డైరెక్టర్ గారు. "పాము కరిచింది సార్, తమరు చెప్పండి," అన్నాను.

ఆసుపత్రిలో డాక్టర్ హైమ నన్ను మంచమెక్కించింది. ముందు రోజే ఇద్దరు రైతులకి ఎక్కించటంతో ఉన్న మందంతా అయిపోయింది. కింద మా ఆఫీసులో అప్పటికే హడావుడి మొదలైంది. కాటు తిన్నది గెజిటెడ్ అధికారి గనక మందు మామూలు కారులో పంపటం మర్యాద కాదని, డైరెక్టర్ గారు స్వయంగా తన కారులోనే బయలుదేరారు. మా సంస్థలో ఏదైనా రెండు ప్రతుల్లో వెళ్ళాలి. ఒరిజినల్ మందు పెట్టె డైరెక్టర్ గారి కారులో, ఆఫీసు కాపీ పెట్టె వెనక గౌరీసు కారులో.

నా కాలు గుమ్మడికాయలా వాచింది. చిగుళ్ళ నుంచి రక్తం మొదలైంది. డైరెక్టర్ గారికి నా మీద ఎంత వాత్సల్యమో అప్పుడే తెలిసింది. మలుపు మలుపుకీ ఆసుపత్రి ల్యాండ్‌లైనుకి ఫోన్ చేశారు.

"కూర్మారావ్, మూడో మలుపు దాటాం. ధైర్యంగా ఉండండి."

"చిత్తం సార్. తొందరేం లేదు."

డాక్టరమ్మ ఫోను లాక్కుంది. "తొందర ఉంది. వెనక కారుని ముందు పంపండి."

"దానికో పద్ధతి ఉందమ్మా. ఆ పద్ధతి రాసింది మీ పేషెంటే."

ఆమె నా వైపు తిరిగి, "నిజమేనా?" అంది. నేను గర్వంగా తలూపాలనుకున్నాను గానీ మెడ కదల్లేదు. అప్పుడు నాకు చచ్చిపోతానన్న భయం వేసింది. నిజంగా వేసింది. ఆ ఉత్తర్వులో అయిదో పేరా దగ్గర ఒక మినహాయింపు పెట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఏడో మలుపు దగ్గర ఫోన్లు ఆగిపోయాయి. కొంతసేపటికి గదిలోకి గౌరీసు పరిగెత్తుకొచ్చాడు, చేతిలో పెట్టె. "వచ్చీసినాన్ బాబూ."

హైమ ఇంకేం అడక్కుండా మందు ఎక్కించింది. నేను బతికాను. తర్వాత తెలిసిందేమిటంటే, డైరెక్టర్ గారి ఇంజను వేడెక్కి ఆగిపోయింది. అది చల్లారేలోపల ఆయన ఒంటికి వెళ్ళటానికి పొద చాటుకి వెళ్ళారు. "బండిలో ఎవులూ నేరు కదా బాబూ, ఆలీ బండిని దాటితే తప్పేటని ఎల్లిపోనాను," అన్నాడు గౌరీసు.

డైరెక్టర్ గారు తెల్లవారాక చేరుకున్నారు. కన్నీళ్ళు పెట్టుకుని నా చెయ్యి పట్టుకున్నారు. ఒరిజినల్ పెట్టె డాక్టరమ్మకి అందించి, "ఇది కూడా ఎక్కించండి. ఆఫీసు కాపీతో బతకటం తాత్కాలికంగానే చెల్లుతుంది," అన్నారు. ఆమె ఆ పెట్టె తీసుకుని ఫ్రిజ్‌లో పెట్టి తాళం వేసింది.

ఇక గౌరీసు విషయం. కారు ఖాళీగా ఉందన్న వాదన నిలబడలేదు. సీటు మీద తువ్వాలుంది. తువ్వాలున్నంతసేపూ అధికారి ఉన్నట్టే, ఇది గుమ్మం దగ్గర కూర్చునే బంట్రోతుకి కూడా తెలుసు. ఉద్యోగం ఊడటం ఖాయం. నా ప్రాణం కాపాడినవాడు, ఎలా చూస్తూ ఊరుకోను? మంచం మీద పడుకునే రెండు రోజులు ఆలోచించాను. కింద ఉన్నవాడు పైవాణ్ణి దాటితేనే కదా తప్పు. దాటే సమయానికి గౌరీసు కింద ఉన్నవాడు కాకపోతే?

డైరెక్టర్ గారికి చెప్పాను. ఆయన, "ముందు రోజు తేదీ నుంచి ప్రమోషన్ ఇవ్వాలంటారు," అన్నారు.

"తమతో సమానమైన హోదాకి సార్. అంతకన్నా తక్కువైతే తప్పు తప్పుగానే మిగిలిపోతుంది."

గొప్ప మనసు ఆయనది, ఒప్పుకున్నారు. ప్రధాన శీఘ్ర చోదకుడు అని కొత్త పదవి సృష్టించాం. ఆ హోదాకి అయిదో సైజు టర్బో రావాలి. వచ్చింది. గౌరీసు కారులోంచి రెండో సైజు పీకేసి, బానెట్‌కి కన్నం కోసి, గుమ్మడికాయ బిగించారు. సన్మాన సభలో అతను భార్యతో, బావమరిదితో వచ్చి టర్బోకి బంతిపూల దండ వేశాడు. నా కాళ్ళకి దండం పెట్టాడు. నాకూ కళ్ళు చెమర్చాయి. ఒక మనిషికి మేలు చేశానన్న తృప్తి అది.

కొండ మీదికి తిరిగొచ్చాక డాక్టర్ హైమ అడిగింది. "ఇప్పుడు చిన్న టర్బో ఉన్న కారు ఎన్ని ఉన్నాయి కూర్మారావు గారూ?"

"ఒక్కటీ లేదమ్మా. అందరూ పైకి వచ్చేశారు."

ఆమె నన్ను చూసిన చూపుకి అర్థం నాకు అప్పుడు తెలియలేదు. మర్నాడు కొండ మీది కుర్రవాళ్ళని పిలిచి వెదురు కర్రలు, దుప్పట్లు తెప్పించింది. ఫ్రిజ్‌లో తాళం వేసి దాచిన పెట్టె ఆ వారంలోనే ఖర్చయిపోయింది.

తర్వాత పసుపు చేలో గాసన్న అనే రైతుని పాము కరిచింది. డాక్టరమ్మ మా ఆఫీసుకి ఫోన్ చేసి, గౌరీసు బయలుదేరాడని తెలుసుకుని, గాసన్నని డోలీలో పడుకోబెట్టి, తనూ పక్కన పరిగెడుతూ కొండ దిగింది. కుర్రవాళ్ళు వంతులు మార్చుకుంటూ మోశారు. నేను గుట్ట మీద నిలబడి ఉండగా గౌరీసు ఫోన్ చేశాడు. గొంతులో ఉక్రోషం పొంగుతోంది.

"బాబూ, నాలుగో మలుపుకాడ డోలీ ఎదురొచ్చినాది. నా హోదా ఏటో సెప్పినాను. ఇనకుండా డాక్టరమ్మ మందు పెట్టె లాగీసుకున్నాది. రోడ్డు మీదే సూది ఏసీసినాది. ఎగువగూడలో అప్పజెప్పమని కదా రూలు? నానేటి సెయ్యాల?"

"గాసన్న ఎలా ఉన్నాడు?"

"కళ్ళు తెరిసినాడు. నన్నే సూత్తన్నాడు."

ఈ సంగతి డైరెక్టర్ గారికి భయపడుతూనే నివేదించాను. ఆయన కోప్పడలేదు. లెక్క వేయించారు. మందు గంటలోపల పేషెంటుని చేరింది. సంస్థ పుట్టాక ఇదే రికార్డు. పత్రికల వాళ్ళని పిలిచి చెప్పారు. "పేషెంటు సగం దూరం ఎదురురావటం వల్ల మా వేగం రెట్టింపైంది. పూర్తిగా ఎదురువస్తే?"

ఆ ప్రశ్నకి జవాబుగా ఈ నెల నుంచి కొత్త పథకం అమల్లోకి వచ్చింది. పాముకాటు తిన్నవాళ్ళు డోలీలో దిగువవలస ఆఫీసుకే రావాలి. మందు కదిలే పని లేదు గనక చేరే సమయం సున్నా నిమిషాలు. దేశంలో ఇంతటి వేగం ఎక్కడా లేదని పై నుంచి ప్రశంసాపత్రం కూడా వచ్చింది. కార్లు ఆఫీసు ముందు వరసగా, హోదా ప్రకారం నిలబడి ఉంటున్నాయి. గౌరీసు రోజూ రేకు తువ్వాలు తుడుస్తాడు.

నా పోస్టింగు మాత్రం ఇంకా రెండేళ్ళుంది. సున్నా నిమిషాలని పైనుంచి ధ్రువీకరించేవాడు కావాలట.

మొన్న డోలీ మోసే కుర్రవాళ్ళు ఆసుపత్రికి వచ్చినప్పుడు డాక్టర్ హైమ నన్ను పిలిచి త్రాసు మీద నిలబెట్టింది. ముల్లు తొంభై దాటింది. కుర్రవాళ్ళు నా చుట్టూ ఒకసారి తిరిగి చూసి, వాళ్ళ భాషలో వాళ్ళు మాట్లాడుకున్నారు. అందరిలోకి పెద్దవాడు వెదురు కర్ర చేత్తో వంచి చూసి, తల అడ్డంగా ఊపాడు.

"ఏమంటున్నారు?" అని అడిగాను.

"మీరు ఏమీ అనుకోనంటే చెప్తాను," అంది హైమ. "బాబుగారిని శుక్రవారం సంతరోజున కరిస్తే మోయటానికి జనం దొరుకుతారట. మిగతా రోజుల్లో తమ వల్ల కాదంటున్నారు."

రాత్రి అన్నం మానేశాను. మోకాళ్ళ దాకా వచ్చే బూట్లు తెప్పించుకుని పడుకునేటప్పుడు కూడా వేసుకుంటున్నాను. ఇవాళ శనివారం. పొద్దుటి నుంచీ వాన పడుతూనే ఉంది. నాకు చాలా భయంగా ఉంది.